రాజు ఇంకా పలకలేదు

కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు మా ఇంట్లో ముందు టక్కుమనేది స్టెబిలైజర్. తర్వాత ఫ్రిజ్ ఒళ్లు విదిలించుకుంటుంది. పైన ఫ్యాను మూలుగుతుంది, టీవీ కింద ఎర్ర దీపం వెలుగుతుంది, చివరికి కిటికీ దగ్గరి ఇంటర్నెట్ డబ్బా తన పచ్చ చుక్కలను ఒక్కొక్కటిగా వెలిగించుకుంటుంది. నిన్న మధ్యాహ్నం జనగామలో గాలివాన వచ్చి గంటసేపు కరెంటు లేదు. వచ్చాక నేను కుర్చీలో కూర్చునే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను. స్టెబిలైజర్, ఫ్రిజ్, ఫ్యాను, టీవీ, డబ్బా. అయిదూ పలికాయి. అయినా లేవలేదు. ఇంకోదాని కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. "ఇంకెవరు పలకాలె నీకు?" అని వంటింట్లోంచి మా ఆయన ఎకసెక్కెమాడాడు. ముప్పై ఏళ్లకు పైగా చూస్తున్నాడు, ఇంకా అడుగుతూనే ఉన్నాడు మహానుభావుడు. ఈ చివరి అర నిమిషం నిశ్శబ్దం నాకు యాకయ్య సార్ అంటగట్టిపోయిన జబ్బు.

ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే మనిషి కాదు. పొట్టిగా, బక్కగా, ఎప్పుడూ ఒకే రంగు పొట్టి చేతుల చొక్కాలో ఉండేవాడు. ఎనభైల చివర్లో నేను హైదరాబాద్‌లో ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసి, మానుకోట స్టేషన్‌కు దగ్గర్లో ఒక కంపెనీలో చేరాను. అదేనండీ, మహబూబాబాద్. మాకు అది మానుకోటే. కింద మిర్చి గోదాము, పైన మా ఆఫీసు. ఎండాకాలం వస్తే తుమ్మకుండా ఒక్క లైను టైపు చేసిన పాపాన పోలేదు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, పేరెందుకు లెండి. భూపాలపల్లి దగ్గర బొగ్గు కోసం తవ్వుతున్న ఒక సొరంగంలో నీళ్ల మట్టం కనిపెట్టి చూసే పని మాది.

చేరిన రోజు యాకయ్య సార్ బల్ల ముందు నిలబడి "సార్" అన్నాను. తలెత్తలేదు. మళ్లీ పిలిచాను. లేదు. ఆయనకు చెవుడా, నేనంటే లెక్కలేదా అని ఒళ్లు మండి మూడోసారి గట్టిగా అరిచాను. అప్పుడు తాపీగా తలెత్తి "ఆఁ, చెప్పు బిడ్డా" అన్నాడు.

"వినపడలేదా సార్?"

"ఒక్కసారికే వినపడ్డది. నిజంగనే పిలుస్తున్నవా, నాకే అట్ల అనిపించిందా అని చూసిన."

నాకు నవ్వొచ్చింది. కురవిలో మా నాయినమ్మ ఇదే మాట చెప్పేది. ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలకొద్దు, మనిషైతే మూడుసార్లు పిలుస్తడు, మనిషి కానిదైతే ఒక్కసారే పిలుస్తది అని. చిన్నప్పుడు ఆ మాటకు దుప్పట్లో ముడుచుకుపోయేదాన్ని. కంప్యూటర్లు చేసే ఆఫీసులో ఒక పెద్దమనిషి అదే పాటిస్తాడని కలలో కూడా అనుకోలేదు.

ఆ పని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, భయపడకండి. భూపాలపల్లి సొరంగం నోటి దగ్గర ఒక రేకుల గది. అందులో యూనిక్స్‌తో నడిచే ఒక కంప్యూటర్. దానినుంచి లావు కేబుల్ ఒకటి సొరంగంలోకి దిగేది. ఆ కేబుల్‌లోని తీగల చివర నాలుగు చోట్ల నీటి మీటర్లు ఉండేవి. గదిలోనే ప్రింటరు, బయట సైరను. మేము మానుకోటలో కూర్చుని టెలిఫోన్ లైను మీద ఆ మిషన్‌తో మాట్లాడేవాళ్లం. వచ్చిన చిక్కల్లా కరెంటుతోనే. రోజుకు నాలుగైదుసార్లు పోయేది. పోయి వచ్చిన ప్రతిసారీ ఆ మిషన్ అన్నీ మరిచిపోయి లేచేది. తనకు ఎన్ని తీగలున్నాయో, ఏ తీగ చివర ఏముందో దానికి తెలిసేది కాదు. సార్ రాకముందు అక్కడి సూపర్‌వైజర్ మల్లేశం ఒక కాగితం చూసి అన్నీ టైపు చేసేవాడట. మల్లేశం మంచివాడే గానీ మూడో నంబరుకు రెండు, రెండుకు మూడు కొట్టేవాడు. సార్ వచ్చి ఆ బాధ తప్పించాడు. మిషన్ లేవగానే తనంతట తానే ఒక్కో తీగను పిలిచి "ఉన్నవా?" అని అడిగేలా, పలికినదాన్ని దాని స్థానంలో నిలబెట్టుకునేలా ఒక పట్టీ, అంటే ప్రోగ్రాం, రాశాడు. బడిలో హాజరు తీసినట్టే. ఒక్కో తీగను మూడుసార్లు పిలిచేది, పిలుపుకూ పిలుపుకూ మధ్య పది సెకన్లు ఆగేది. మూడుసార్లూ పలికితేనే నమ్మేది.

చేరిన రెండో నెలలో సార్ నన్ను భూపాలపల్లి తీసుకుపోయాడు. మానుకోట నుంచి వరంగల్, అక్కడినుంచి పరకాల మీదుగా ఇంకో బస్సు. దిగేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యింది. చుట్టూ అడవి, కానీ ఒక్క పిట్ట కూత లేదు. సొరంగం నోట్లోంచి చల్లటి గాలి వచ్చి కాళ్లకు తగిలేది, పైన మాత్రం నెత్తి మాడిపోయే ఎండ. మోకాళ్ల కింద చలికాలం, పైన ఎండాకాలం. నాకు అక్కడ నిలబడటం బొత్తిగా నచ్చలేదు. పంపుల దగ్గర పనిచేసే సమ్మయ్య అనే ముసలతను నన్ను చూసి "భయపడకమ్మా, లోపల దయ్యాలు లేవు. ఉంటే నాకెట్లనూ వినపడదు" అని పకపకా నవ్వాడు. ఏళ్ల తరబడి పంపుల మోతలో ఉండి అతనికి చెవులు సగం పోయాయి.

మేము గదిలో ఉండగానే కరెంటు పోయింది. పావుగంటకు వచ్చింది. మిషన్ గుర్రుమని లేచి హాజరు మొదలుపెట్టింది. పచ్చటి అక్షరాలు ఇంగ్లీషు లిపిలో, మాటలు మాత్రం తెలుగువి. సార్ అలా రాశాడు, మల్లేశానికి అర్థం కావాలని. "ఒకటి: పలికింది. రెండు: పలికింది." నాలుగు మీటర్లూ పలికాయి. అయిదు ప్రింటరు, ఆరు సైరను, అవీ పలికాయి. అయిపోయిందనుకున్నాను. మిషన్ ఆగలేదు. కొత్త లైను మీద "రాజు" అని రాసి పిలిచింది. పది సెకన్లు. మళ్లీ పిలిచింది. గదిలో మేమిద్దరమే. ఎవరూ కదలడం లేదు. మూడోసారి పిలిచింది. ఆ తర్వాత నెమ్మదిగా "రాజు: ఇంకా పలకలేదు" అని రాసి ఊరుకుంది.

"ఏడో తీగ చివర ఏముంది సార్?"

"ఏం లేదు. ఖాళీ తీగ. నాలుగో మీటరు దాక పోయి ఆడ ఆగిపోతది."

"మరి ఎందుకు పిలుస్తున్నది?"

"పలుకుతదేమోనని."

ఆయన నవ్వితే బాగుండేది. నవ్వలేదు. ఏదో తప్పుగా మాట్లాడినట్టు నేనే తల దించుకున్నాను. బయటికి వచ్చాక మల్లేశం చెవిలో చెప్పాడు. "అది మిషిన్ కాదమ్మా. సార్ ఎవల్నో పిలిపిస్తున్నడు దానితోని. మావోళ్లు గా గదిలకు ఒంటరిగ పోరు." నేను అతన్ని కసురుకున్నాను. చదువుకున్నదాన్ని కదా మరి. కానీ తిరుగు బస్సులో ఆ మూడు పిలుపులూ నా చెవుల్లోనే తిరిగాయి.

ఇప్పుడు నా తెలివి సంగతి చెప్పాలి. ఆ హాజరంతా పూర్తికావడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టేది. అది పూర్తయ్యేదాకా లోపల మట్టం ఎంతో తెలియదు కాబట్టి మనుషుల్ని దింపకూడదని నియమం. మా మేనేజర్‌కు అది సుతరామూ నచ్చేది కాదు. "రోజుకు అయిదుసార్లు గీ పూజ చేసుకుంట కూసుంటే పనెప్పుడైతదమ్మా?" అని నా మీద పడేవాడు, సార్‌ను అనలేక. ఆ వానాకాలం మొదట్లో సార్ రెండు రోజులు సెలవు పెట్టి జఫర్‌గఢ్ పోయాడు. అక్కడ ఆయన చుట్టాలెవరూ లేరని నాకు తెలుసు. అయినా ఏటా ఒకసారి పోయి వచ్చేవాడు, ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ రెండు రోజుల్లో నేను ఫోన్ లైను మీద మిషన్‌లోకి పోయి సార్ రాసిన పట్టీ తెరిచాను. మూడు పిలుపులను ఒక పిలుపు చేశాను. ఏడో లైను, ఆ రాజు అనే ఖాళీ తీగ, దాన్ని పూర్తిగా కొట్టేశాను. హాజరు అర నిమిషానికి దిగింది. మేనేజర్ "శాబాష్" అన్నాడు, చాయ్ తెప్పించాడు. సార్ వచ్చాక నేనే చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను. తీరా వచ్చాక ఆయన మొఖం చూసి నోరు పెగల్లేదు. జఫర్‌గఢ్ నుంచి ఎప్పుడొచ్చినా ఆయన వారం దాకా జ్వరం తగ్గిన మనిషిలా ఉండేవాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను.

పది రోజులకు ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం మూడింటికి భూపాలపల్లిలో కరెంటు పోయి వచ్చింది. తొమ్మిది మంది లోపలే ఉన్నారు. వాళ్లు పనిచేసే చోటు కాస్త ఎత్తులో ఉంటుంది. కానీ బయటికి రావాలంటే మధ్యలో ఒక పల్లం దాటాలి. నాలుగో మీటరు ఉన్నది ఆ పల్లంలోనే. అక్కడ నీరు నిండితే అవతల ఉన్నవాళ్లకు తమ కాళ్లు తడిసేదాకా తెలియదు, తెలిసేసరికి దారి ఉండదు. మా మీటర్లన్నీ ఆ ఒక్క పల్లం కోసమే అనుకోండి.

మానుకోటలో నా తెర మీద హాజరు వచ్చింది. ఆరూ పలికాయి. మూడో మీటరులో నీరు రెండడుగుల ఒక అంగుళం. నాలుగో మీటరులో రెండడుగుల ఒక అంగుళం. రెండడుగులంటే భయం లేదు, పంపులు చూసుకుంటాయి. "అంతా మంచిగనే ఉంది సార్" అన్నాను. సార్ నా వెనక వచ్చి నిలబడ్డాడు. నిమిషం తర్వాత మళ్లీ చూశాను. మూడులో రెండడుగుల రెండంగుళాలు, నాలుగులో రెండడుగుల రెండంగుళాలు.

"ఇద్దరు ఒక్క గొంతుతోని పలుకుతున్నరు" అన్నాడు సార్ మెల్లగా. "రాజు ఏమన్నడు?"

"రాజును తీసేసిన సార్."

"ఎప్పుడు?"

"మీరు జఫర్‌గఢ్ పోయినప్పుడు. ఊకె టైం పోతున్నదని..."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా భుజం మీదుగా వంగి ఆ ఒక్క లైను తిరిగి టైపు చేశాడు. రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాడు. ఏడో తీగను పిలిచాడు. చివర ఏమీ లేని తీగను. పది సెకన్లు కూడా కాలేదు.

"రాజు: పలికింది. రెండడుగుల రెండంగుళాలు."

కింద గోదాములో ఎవరో మిర్చి బస్తాలు ఎత్తేస్తున్నారు, ఆ చప్పుడు వినపడుతూనే ఉంది. అయినా నా ఒళ్లంతా గగుర్పొడిచింది. సార్ మళ్లీ పిలిచాడు. పలికింది. మూడోసారి పిలిచాడు. పలికింది. ఆయన మొఖంలో నెత్తురు చుక్క లేదు. "రాజుగా..." అన్నాడు, నాతో కాదు. మరుక్షణమే మామూలు గొంతుతో "కేబుల్ నీళ్లల్ల ఉన్నది. నాలుగు పలుకుత లేదు, మూడే దాని బదులు పలుకుతున్నది. సైరన్ కొట్టు" అన్నాడు.

కొట్టాను. నూరు కిలోమీటర్ల అవతల మోగే సైరను నాకు వినపడదు కదా, మోగుతున్నదని తెర మీద ఒక్క మాట మాత్రం వచ్చింది. ఆ మీటర్లకు తమ పేరు చెప్పడం రాదు, నీటి లోతు మాత్రమే చెప్పగలవు. కేబుల్ తడిసి తీగలు ఒకదానిలోకి ఒకటి కారిపోతే, ఒకదాన్ని పిలిస్తే పక్కది పలుకుతుంది. ఎవరూ లేని చోటునుంచి కూడా జవాబు వచ్చిందంటే మిగతా జవాబులు నమ్మొద్దని అర్థం. ఏడో తీగ అందుకే ఉంది. అదంతా నాకు ఆ క్షణంలో, ఆలస్యంగా, తలుపు సందులో వేలు నలిగినట్టు అర్థమైంది.

సార్ ఫోన్ లైనుకు తగిలించిన మోడెం తీగ పీకి రిసీవర్ అందుకున్నాడు. సైరను విని గదిలోకి పరిగెత్తుకొచ్చిన మల్లేశం అదే లైను మీద అవతల ఫోన్ ఎత్తాడు. "ఏమైంది సార్?" అని వాడి అరుపు నాక్కూడా వినపడింది.

"అందర్ని పైకి రమ్మను. పల్లంల నీళ్లు నిండుతున్నయి. ఇప్పుడే."

తర్వాతి పావుగంట ఎలా గడిచిందో నేను చెప్పలేను. మేనేజర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చివరికి ఫోన్‌లో మల్లేశం రొప్పుతూ వచ్చాడు. "వచ్చిండ్రు సార్! నడుముల దాక నీళ్లల్ల పడి వచ్చిండ్రు. తొమ్మిది మంది వచ్చిండ్రు. హాజరు తీసిన."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. సార్ మాత్రం రిసీవర్ పెట్టలేదు.

"మొఖాలు చూసినవా?"

"పేర్లు పిలిచిన సార్, పలికిండ్రు. వాన దంచుతున్నది, అందరు గొంగళ్లు కప్పుకున్నరు..."

"మల్లేశం, ఇను. ఒక్కొక్కన్ని నీ ముంగటికి పిలువు. చెయ్యి పట్టుకో. పట్టుకున్నంక నాకు పేరు చెప్పు."

"సార్, ఇప్పుడు..."

"పట్టుకో!"

ఆయన అరవడం నేను అదే మొదటిసారి వినడం. మల్లేశం ఒక్కొక్క పేరూ చెప్పసాగాడు. సార్ తిరిగి పలికేవాడు, నేను రాసుకునేదాన్ని. ఎనిమిది పేర్లయ్యాయి. తొమ్మిదోది సమ్మయ్య. ఫోన్‌లో వాన చప్పుడు. ఆ వానలో మల్లేశం గొంతు దూరంగా, "సమ్మయ్యా!" అని. ఆగాడు. "సమ్మయ్యా!" మళ్లీ ఆగాడు. మూడోసారి పిలుపులో వాడి గొంతు చీలిపోయింది. ఎవరూ పలకలేదు.

ఆ పనివాళ్లలో ఒక అలవాటు ఉండేది. ఎవడైనా బీడీకో, చాయ్‌కో పక్కకు పోతే వాడి జోడీదారు వాడి పేరుకు కూడా "ఉన్న" అనేవాడు. కూలి పోకుండా కాపాడుకోవడం అన్నమాట. అది మోసమని ఎవరూ అనుకోరు, స్నేహమనుకుంటారు. ఆ రోజు కూడా సమ్మయ్య జోడీదారు అలవాటుగా పలికాడు. ముసలోడు తనకన్నా ముందే పైకి పోయి ఉంటాడనుకున్నాడట. ముసలోడేమో లోపలి పంపు పక్కన ఉన్నాడు. సైరను వినపడే చెవులు కావు అతనివి.

ఇద్దరు మనుషులు నడుముకు తాడు కట్టుకుని తిరిగి లోపలికి పోయారు. ఆ ఇద్దరిలో ఒకడు ఆ జోడీదారే. తెచ్చారు. ఛాతీ దాకా నీళ్లలోంచి, ఇద్దరి మధ్య వేలాడేసుకుని తెచ్చారు. ఫోన్‌లో మల్లేశం "చెయ్యి పట్టుకున్న సార్, సమ్మయ్య చెయ్యి పట్టుకున్న, ఉత్తగనే తిడుతున్నడు నన్ను" అని ఏడుస్తూ నవ్వుతూ చెప్పాడు. సార్ నా చేతిలోని కాగితం తీసుకుని తొమ్మిదో పేరు తన చేత్తో రాశాడు. ఇంకో అరగంటకు ఆ పల్లం కప్పు దాకా నిండిందని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం ఆయన నన్ను స్టేషన్ ముందరి హోటల్‌కు తీసుకుపోయాడు. రెండు చాయ్‌లు చెప్పాడు. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. ఉద్యోగం పోతుందనే భయం కాదు. తొమ్మిది మంది మనుషులు, నా చాయ్ మెప్పు కోసం!

"ఊకో బిడ్డా. నువ్వు చేసిన తప్పు పెద్దదే. కని నాదానంత పెద్దది కాదు" అన్నాడు. అప్పుడు చెప్పాడు రాజు ఎవరో.

అరవై తొమ్మిదిలో సార్ జనగామలో హాస్టల్‌లో ఉండి చదువుకునేవాడు. గదిలో తోడు జఫర్‌గఢ్ పిల్లవాడు రాజలింగం. తెలంగాణ ఉద్యమపు ఊరేగింపులు, బందులు, లాఠీలు నడుస్తున్న రోజులు. హాస్టల్ నుంచి ఎవరూ బయటికి పోకూడదని వార్డెన్ పొద్దుగూకే వేళ హాజరు తీసేవాడు. ఒకనాడు రాజలింగం "నేను ఊరేగింపుల పోయొస్త, నా హాజరు నువ్వు పలుకు" అన్నాడు. సార్ గొంతు మార్చి పలికాడు. రాజలింగం ఆ సాయంత్రం రాలేదు. మర్నాడు వస్తాడులే అని మళ్లీ పలికాడు. రాలేదు. మూడో రోజు భయం పట్టుకుంది. ఇప్పుడు లేడంటే మొన్నటిది అడుగుతారు, తన పేరు కొట్టేస్తారు. మూడో రోజు కూడా పలికాడు.

"నాలుగో రోజు వాళ్ల బాపు వచ్చిండు. చేతిల సజ్జరొట్టెల మూట. వార్డెన్ రిజిస్టర్ తీసి చూపెట్టిండు, నిన్న పొద్దుగూకేదాక మీవాడు గీడనే ఉన్నడని. బాపు నా దిక్కు చూసి, 'నిజమేనా బిడ్డా, నిన్న ఉన్నడా?' అన్నడు."

"మీరేమన్నారు?"

"ఉన్నడన్న."

చాయ్ మీద మీగడ కట్టింది. సార్ దాన్ని చెంచాతో పక్కకు తీస్తూ కూర్చున్నాడు. "అందరు నిన్నటి సంది దేవులాడిండ్రు. వాడు పోయి మూడొద్దులైంది. మూడొద్దుల కిందట దేవులాడితే ఏ దవాఖానల దొరుకుతుండెనో, ఏ ఠాణల దొరుకుతుండెనో. ఎన్నడు దొరకలే. పీనుగ సుత దొరకలే." చెంచా బల్ల మీద పెట్టాడు. "ఏటా ఆ ముసలాయన దగ్గరికి పోత. చెప్పాలనే పోత. అన్నం పెడతడు, తిని వస్త. ఇయ్యాల రాజు పలికిండు బిడ్డా. తీగలు తడిసినయని నాకు తెల్సు. తెల్సు గని, పలికిండు."

వెలుగు ఇంకా ఉంది, ప్లాట్‌ఫాం మీద జనం ఉన్నారు. అయినా వెనక్కి తిరిగి చూడాలంటే నాకు భయమేసింది. ఆ ఏడో తీగ మీద వచ్చిన జవాబును సార్‌తో పాటు నేనూ చూశాను మరి.

ఆదివారం సార్ జఫర్‌గఢ్ పోయాడు. ఏడాదిలో రెండోసారి పోవడం అదే మొదలు. సోమవారం వచ్చి, నేను మూడుసార్లు పిలవకముందే నా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పిన" అన్నాడు.

"కొట్టిండా సార్?"

"కొడితే మంచిగుండు. అంత ఇన్నడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, 'నువ్వు పలకవట్టి నా కొడుకు మూడొద్దులు ఎక్కువ బతికిండు గదా బిడ్డా' అన్నడు."

ఆ మాట చెప్పి సార్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ ముసలాయన ఓదార్చాడో, శిక్షించాడో నాకు ఇప్పటికీ తెలియదు. సార్‌కు కూడా తెలియలేదనుకుంటాను. ఆ తర్వాత నెలకోసారి పోయేవాడు. ఆ ముసలాయన పోయినప్పుడు కొడుకు చేయాల్సిన పనులన్నీ సారే చేశాడు.

సార్ పోయి పదిహేనేళ్లయింది. చివరి రోజుల్లో జనగామ దవాఖానలో ఉంటే చూడటానికి వెళ్లాను. కళ్లు మూసుకుని ఉన్నాడు. "సార్" అన్నాను. లేదు. మళ్లీ అన్నాను. లేదు. మూడోసారి వంగి చెవి దగ్గర అన్నాను. అప్పుడు కళ్లు తెరవకుండానే "ఆఁ, చెప్పు బిడ్డా" అన్నాడు, పెదవుల చివర చిన్న నవ్వుతో. ఆ స్థితిలోనూ నన్ను ఏడిపించాలని చూశాడు, దొంగ మనిషి.

నేను ఆ తర్వాత వేరే ఆఫీసుల్లో, వేరే మిషన్లతో పనిచేశాను. ఇప్పుడవి మూడు సెకన్లలో లేచి తమ సంగతులన్నీ తామే చూసుకుంటాయి, నాలాంటివాళ్ల అవసరం లేదు. నాతో ఉండిపోయింది వేరే. వరదలొచ్చినా, రైలు ఆగిపోయినా మావాళ్లు ఫోన్ చేసి "అందరం మంచిగున్నం" అంటారు. నేను నమ్మను. "ఒక్కొక్కళ్లకు ఫోనియ్యి" అంటాను. అందరి గొంతులూ వింటాను. మా తమ్ముడు విసుక్కుంటాడు, పిల్లలు నన్ను హాజరు అత్తమ్మ అంటారు. అననియ్యండి.

అందరూ పలికాక, ఫోన్ పెట్టేసి, కాసేపు అలాగే కూర్చుంటాను. నిన్నటి గాలివానలో కూర్చున్నట్టే. లోలోపల ఒక పేరు పిలుస్తాను. పది సెకన్లు ఆగుతాను. మళ్లీ పిలుస్తాను. మూడోసారి పిలిచేటప్పుడు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా అరచేతులు చెమరుస్తాయి. ఎందుకంటే అటునుంచి జవాబు వస్తే, అంతవరకూ నాతో మాట్లాడిన గొంతులు ఎవరివో నాకు తెలియకుండా పోతుంది. నిన్న కూడా పలకలేదు. అప్పుడు లేచి, వంటింట్లోకి పోయి, మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.